కూర్చున్న మనిషి ఎత్తు

బస్సులో ఎప్పుడైనా నడుం నొప్పి లేకుండా దూరప్రయాణం చేశారా? చేసి ఉంటే ఆ పుణ్యం ఎవరో ఒక సీట్ల మేస్త్రిది. అతన్నెవరూ తలుచుకోరు. డ్రైవరు బాగా తోలాడంటారు, రోడ్డు బాగుందంటారు, మరీ ధీమా ఉన్నవాళ్లయితే తమ నడుమే గట్టిదనుకుంటారు. మనం చెప్పుకుంటున్న మనిషి అలా ఎవరి తలపులోకీ రాని ఒక సీట్ల మేస్త్రి. నూనూగు మీసాల వయసులో ఊరి చివర బస్సు బాడీలు కట్టే షెడ్డులో చేరాడు. స్పాంజి, రెక్సిను, మైనం పట్టించిన దారం, పెదాల మధ్య చిన్న మేకులు, ఇదీ అతని లోకం. నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసేవాడికి మాట్లాడే వీలేది? ఎవరేమడిగినా ‘ఊఁ’, లేదంటే ‘ఊహూఁ’. పోనుపోను నోట్లో మేకుల్లేని వేళ కూడా అదే అలవాటైపోయింది.

అతను కుట్టిన సీట్లకు లెక్కలేదు. వాటిలో ఒక్కదాంట్లోనైనా అతను తీరిగ్గా కూర్చోగా చూసినవాళ్లు లేరు. పనంతా నేల మీదే, బాసింపట్టు వేసుకుని. యజమాని అటుగా వస్తే చటుక్కున లేచేవాడు. “కూర్చోవయ్యా, ఫరవాలేదు” అని ఆయన ఏ సీటో చూపిస్తే, అప్పుడు చూడాలి ఇతను కూర్చునే తీరు. సీటు అంచున ఒళ్లు ఆనీ ఆననట్టు కూర్చునేవాడు. చేతులు మోకాళ్ల మధ్యకి వెళ్లిపోయేవి, వెన్ను వంగేది, భుజాలు లోపలికి ముడుచుకునేవి, గడ్డం గుండెకి దగ్గరయ్యేది. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. తండ్రి అలాగే కూర్చునేవాడు, తండ్రికి పని నేర్పినాయనా అలాగే. పెద్దవాళ్ల ముందు కూర్చోవడమంటే అదే. అందులో భయం కంటే మర్యాదే ఎక్కువని అతని నమ్మకం. భయం ఎక్కడ ఆగి మర్యాద ఎక్కడ మొదలవుతుందో అతనెప్పుడూ ఆలోచించలేదు, మనలో చాలామంది ఆలోచించనట్టే.

ఇంట్లో అతనూ భార్యా. పిల్లల్లేరు. అలా అంటే ఆవిడ ఒప్పుకోదు, మా మరిది లేడా అంటుంది. తల్లీ తండ్రీ వెనకా ముందూ పోయేనాటికి అతని తమ్ముడు లాగు బొత్తాం పెట్టుకోవడం కూడా రాని పిల్లవాడు. అన్న వీపున మోసి పెంచాడు, పెళ్లయ్యాక వదిన ఒళ్లో వేసుకుని పెంచింది. వాడు పెద్దయి సైన్యంలో చేరాడు. తర్ఫీదు ముగించుకుని మొదటిసారి ఇంటికొచ్చిన రోజున వదిన గుమ్మంలోనే ఆగిపోయి ఎగాదిగా చూసింది.

“వెళ్లేటప్పుడు కొడవలిలా వెళ్లావు కదరా, ఇలా కర్రలా తిరిగొచ్చావేంటి?” అంది.

“అక్కడ వంగితే వీపు మీద రెండిస్తారు వదినా,” అన్నాడు తమ్ముడు. “ఇప్పుడు వంగమన్నా నాకు చాతకాదు.”

అన్నదమ్ములది ఒకే ఎత్తు. వెనక గది గుమ్మం దాటేటప్పుడు ఇద్దరి జుట్టూ పై కమ్మీకి ఒకేలా తగిలీ తగలనట్టు ఉండేది. అయినా చూసినవాళ్లంతా తమ్ముడే పొడగరి అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా అన్న ఉబ్బిపోయేవాడు. తమ ఇంట్లో కూడా నిటారుగా నడిచేవాడు ఒకడు తయారయ్యాడని అతని సంబరం.

ఆ రోజుల్లోనే షెడ్డు చేతులు మారింది. కొన్నది సముద్రం అవతలి కంపెనీ. వాళ్లు కట్టేవి బస్సులు కావు, సైన్యానికి బళ్లు. గుండు తగిలితే చిల్లిపడనివి, కింద మందుపాతర పేలినా లోపలి మనుషులు ప్రాణాలతో దిగిరాగలిగేవి. పత్రికలు వాటిని కవచ వాహనాలని రాశాయి. షెడ్డులో వాళ్లు ఉక్కుబళ్లన్నారు. అంతవరకూ ఓడల్లో తెప్పించుకుంటున్న బళ్లను ఇకమీద ఇక్కడే, ఇక్కడి చేతులతోనే కట్టాలని ప్రభుత్వానికీ కంపెనీకీ ఒప్పందం కుదిరింది.

చూస్తుండగానే షెడ్డు రూపురేఖలు మారిపోయాయి. తుప్పు రేకులు దించేశారు. పాత నేల తవ్వి మందంగా కాంక్రీటు పోశారు. నెత్తి మీద క్రేను నడవడానికి పట్టాలు బిగించారు. ఉక్కు పలకల్ని కోసే యంత్రం ఇంటంత చెక్కపెట్టెలో వచ్చింది, ఆ పెట్టె బద్దలతో చుట్టుపక్కల ఎంతమంది తలుపులు చేయించుకున్నారో చెప్పలేం. మెడలో కార్డు లేనిదే గేటులో అడుగు పెట్టనివ్వరు. షెడ్డులోనే పుట్టి పెరిగిన పిల్లిని మాత్రం కాపలావాళ్లు ఆపలేకపోయారు. పాత పనివాళ్లలో కొందర్ని పంపేసి, కొందర్ని ఉంచుకున్నారు. ఉక్కుబండిలో వెళ్లేవాడికైనా కూర్చోవడానికి సీటు కావాలి కాబట్టి మన మేస్త్రి ఉండిపోయాడు.

అవతలి దేశం నుంచి వచ్చిన ఇంజనీర్లలో ముఖ్యుడు తాటిచెట్టంత మనిషి. ఆయన పేరు ఎవరికీ నోరు తిరగలేదు, పొడుగాయన అని ఖాయం చేసేశారు. ఆయన మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేయడానికి ఆఫీసులో రెండు భాషలూ వచ్చిన ఒకావిడ ఉండేది, ఆవిడ ఆఫీసరమ్మ. ఇద్దరూ మంచివాళ్లే. ఈ మాట ముందే చెప్పేయాలి. ఈ కథలో చెడ్డవాళ్లెవరూ లేరు, ఉంటే ఎవర్నో ఒకర్ని నాలుగు తిట్టుకుని ఊరుకునేవాళ్లం.

చిక్కు బండి పైకప్పు దగ్గర వచ్చింది. అసలు బండి వాళ్ల దేశపు భారీ శరీరాలకు తగ్గట్టు చేసింది. ఇక్కడి మనుషులకు అంత ఎత్తు అక్కర్లేదు. కప్పు కాస్త దించితే ఉక్కు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, బండి చురుగ్గా పోతుంది. ఎంత దించాలి? అది తెలియాలంటే ఇక్కడి సైనికుల కొలతలు కావాలి. కంపెనీ సైన్యాన్ని అడిగింది. సైనికుల శరీర కొలతలు రక్షణ రహస్యం, బయటికివ్వడం కుదరదు అని జవాబొచ్చింది. బండి చేసిపెట్టమంటారు, అందులో ఎక్కే మనిషి ఎంతుంటాడో మాత్రం చెప్పరు. పొడుగాయన రెండు చేతులూ పైకెత్తి దింపాడట.

చివరికి వాళ్లే ఒక దారి వెతుక్కున్నారు. పనివాళ్లందర్నీ గోడ పక్కన వరసగా నిలబెట్టి, ఎత్తులూ బరువులూ చూసి, అన్నింట్లోనూ సరిగ్గా మధ్యలో ఉన్న మనిషిని ఏరారు. పొడుగూ కాదు పొట్టీ కాదు, లావూ కాదు బక్కా కాదు. అతనే మన సీట్ల మేస్త్రి. బతుకులో మొదటిసారి వందమందిలోంచి ఒకడిగా ఎంపికయ్యాడు, అదీ దేనిలోనూ ప్రత్యేకత లేనందుకు.

ఇంట్లో భార్య ఆ మాట విని ఉబ్బితబ్బిబ్బయింది. “అంటే మీ కొలతకే బళ్లన్నీ కడతారా?” అని అడిగిందే మళ్లీ మళ్లీ అడిగింది. కొలత రోజున పెట్టె అడుగునున్న తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చేసింది, దగ్గరుండి తల దువ్వింది. “అక్కడ కాస్త మర్యాదగా ఉండండి, మన పరువు పోకుండా,” అని మరీ పంపింది. ఆ మాట అన్నందుకు తర్వాత ఆవిడ ఎంత కుమిలిందో ఆవిడకే తెలుసు. అనకపోయినా జరిగేది అదే.

కొలతలు తీసింది కొత్తగా కట్టిన ఆఫీసు గదిలో. చల్లటి గాలి పోసే యంత్రం, కాళ్ల కింద మెత్తటి పట్టా, మధ్యలో ఒకే ఒక్క చెక్కకుర్చీ. దాని వెనక ఒక ఇనుప కమ్మి, కమ్మి మీద పైకీ కిందికీ జరిగే అడ్డపట్టీ. పొడుగాయనా, ఆయన కింది ఇంజనీర్లు ఇద్దరూ, ఆఫీసరమ్మా, షెడ్డులో పనివాళ్లందరి మీదా అజమాయిషీ చేసే పెద్ద మేస్త్రీ చుట్టూ నిలబడ్డారు. అంతమంది పెద్దవాళ్లు నిలబడి ఉండగా తనొక్కడూ కూర్చోవాలి. అతని ఒంట్లో ఎముకలన్నీ వద్దంటే వద్దన్నాయి. అయినా కూర్చున్నాడు.

“మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోమంటున్నారు,” అంది ఆఫీసరమ్మ.

“మామూలుగానే కూర్చున్నానమ్మా,” అన్నాడతను. అబద్ధమేమీ కాదు. ఆఫీసర్ల ముందు అతనికి అంతకు మించిన మామూలు లేదు.

అడ్డపట్టీ చల్లగా నెత్తికి ఆనింది. పొడుగాయన చదివి, నమ్మకం కుదరక మళ్లీ చదివి, ఏదో రాసుకున్నాడు. నిలబడితే ఇంత ఎత్తున్న మనిషి కూర్చుంటే ఇంతే ఉన్నాడేమిటని ఆయనకు అనుమానం. న్యాయమైన మనిషి కాబట్టి ఒకణ్ణే నమ్మకుండా వెల్డరునూ, పెయింటరునూ కూడా పిలిపించాడు. వాళ్లూ వచ్చారు, వాళ్లూ కుర్చీ అంచున మామూలుగానే కూర్చున్నారు. ముగ్గురి లెక్కా ఒకటే తేలింది. ఈ దేశపు మనుషులకు కాళ్లు పొడుగనీ, నడుం పైభాగం పొట్టి అనీ పొడుగాయన నిర్ధారణ చేశాడు. ఆ సంగతి ఆఫీసరమ్మ చెప్పగానే పెద్ద మేస్త్రి తన కాళ్ల వంక గర్వంగా చూసుకున్నాడు.

ఆ కొలత ప్రకారం కప్పు దించారు. ఓడలో వచ్చిన ఉక్కు పలకల్ని ఆ కొలతకే కోశారు. షెడ్డులో అతనికి గజంబద్ద అని పేరు పడింది. టీ కొట్టు దగ్గర “గజంబద్దకి ఒక టీ, సరిగ్గా కొలిచి పొయ్యి” అని వేళాకోళాలు. అతను నవ్వి ఊరుకునేవాడు. లోపల మాత్రం సంతోషమే. ఇన్నాళ్లూ ఎవరెవరి నడుములకో సీట్లు కుట్టాడు, ఇప్పుడు తన నడుముకి బండే కుడుతున్నారు.

ఉక్కుబండి సీటు బస్సు సీటులాంటిది కాదు. దాన్ని నేలకు బిగించకూడదు. కింద మందుపాతర పేలితే ఆ దెబ్బ నేలలోంచి వెన్నులోకి ఎక్కుతుంది. అందుకని సీటును పక్కగోడకు పట్టీలతో ఉయ్యాలలా వేలాడదీయాలి. ఆ పని నేర్పడానికి పొడుగాయనే వచ్చాడు. సీటు కింద చెయ్యి ఆడించి చూపించాడు, ఇక్కడ ఖాళీ ఉండాలన్నాడు. కూర్చున్నవాడి తల మీద అరచెయ్యి నిలువుగా పెట్టి చూపించాడు, ఇక్కడా ఖాళీ ఉండాలన్నాడు.

“పేలినప్పుడు మనిషి సీటుతో సహా ఒక్కసారి పైకి లేస్తాడట,” అని ఆఫీసరమ్మ తెలుగులో చెప్పింది. “పైన ఖాళీ ఉంటే లేచి పడతాడు, బతుకుతాడు. లేకపోతే తల కప్పుకి కొట్టుకుని మెడ విరుగుతుంది. ఈ బండిలో అన్నింటికంటే విలువైంది ఆ ఖాళీయేనంటున్నారు.”

అతను ‘ఊఁ’ అన్నాడు. ఆ ఖాళీని లెక్కగట్టింది తన నెత్తి నుంచే కదా అని ముచ్చటపడ్డాడు కూడా.

మొదటి బళ్లు తయారయ్యాక పనివాళ్ల కుటుంబాలు వచ్చి చూడొచ్చని ఒక రోజు గేటు తెరిచారు. అదే సమయానికి తమ్ముడు సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. మొదటి బళ్లు వెళ్లేది వాడి దళానికేనని అప్పటికే తెలిసిపోయింది. వదిన తన పండగంతా మొహం మీద పెట్టుకుని వచ్చింది. అన్న బండి వెనక తలుపు తెరిచి, తను కుట్టిన సీట్లు ఇంటి అరుగు చూపించినట్టు చూపించాడు. తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు, నిటారుగా. ఎక్కి కూర్చోవడంలో కూడా వాడికొక పద్ధతుంది. అక్కడ కొక్కేనికి తగిలించి ఉన్న సైనికుల శిరస్త్రాణం తీసి తలకి పెట్టుకున్నాడు. టక్కుమని చప్పుడైంది. శిరస్త్రాణం కప్పుకి తగిలింది.

తమ్ముడు నవ్వాడు. “ఎవరి కొలతకి చేశార్రా బాబూ దీన్ని?”

“నా కొలతకే,” అన్నాడు అన్న.

“నీదీ నాదీ ఒకే ఎత్తు కదన్నయ్యా.”

మిగిలినవాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు, పిల్లలు చక్రాలు ఎక్కుతున్నారు. అతను మాత్రం తమ్ముడి తలకీ కప్పుకీ మధ్య వేలు దూర్చడానికి చూశాడు. దూరలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో బల్లను గోడ వారకి లాగి దాని మీద కూర్చున్నాడు. బట్ట మీద గుర్తులు పెట్టుకునే సుద్దముక్క భార్య చేతికిచ్చి, తల ఎంతవరకు వచ్చిందో గోడ మీద గీత గియ్యమన్నాడు. ఆవిడ గీసింది. “ఇప్పుడు నువ్వు పెద్ద ఆఫీసరువి అనుకో,” అన్నాడు.

“నేనా?” ఆవిడకి నవ్వొచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని, “ఏమయ్యా, మామూలుగా కూర్చో,” అంది గొంతు మార్చి.

అతను కూర్చున్నాడు. ఆవిడ మళ్లీ గీత గీసింది. రెండు గీతల మధ్య జానెడు కాదుగానీ, నాలుగు వేళ్లు హాయిగా పట్టాయి. ఆవిడ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. తమ్ముడు అప్పటికే బజారుకి వెళ్లాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే వదిన మొహం చూసే వాడికి అంతా తెలిసిపోయేది.

మర్నాడు అతను పెద్ద మేస్త్రి చెవిన వేశాడు. పెద్ద మేస్త్రి తల పట్టుకున్నాడు. “పలకలన్నీ కోసేశాక ఇప్పుడా చెప్పడం? నువ్వు వంగి కూర్చున్నావని కంపెనీ కప్పు విప్పుకుంటుందా? ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చూసుకో.” కోపంగా కాదు, బతిమాలినట్టే అన్నాడు. ఆయనకీ సంసారం ఉంది.

పైన వీలుకాకపోతే కిందనుంచి రావచ్చనుకున్నాడు మేస్త్రి. సీటు పట్టీలు కాస్త వదులు చేసి కిందికి దించి చూశాడు. తనిఖీలో పట్టుకున్నారు, సీటు నేలకి దగ్గరైతే కాళ్లూ వెన్నూ పోతాయన్నారు. దిండులో స్పాంజి పలచన చేశాడు. దాన్నీ పట్టుకున్నారు, దెబ్బని మింగేది ఆ స్పాంజేనన్నారు. వాళ్లన్నది నిజమే. సీట్ల గురించి అతనికి తెలియంది కాదు. పైన తగ్గిన నాలుగు వేళ్లని దొంగిలించి తేవడానికి ఆ బండిలో ఇంకెక్కడా చోటు లేదు.

కడకి ధైర్యం చేసి ఆఫీసరమ్మ దగ్గరికే వెళ్లాడు. చాలాసేపు నీళ్లు నమిలాడు. నమిలి నమిలి చెప్పాడు. “అమ్మా, నేనారోజు సరిగ్గా కూర్చోలేదు. మర్యాదకి వంగాను. వెల్డరూ అంతే, పెయింటరూ అంతే. సిపాయిలు అలా కూర్చోరమ్మా. కావాలంటే మా తమ్ముణ్ణి కొలిచి చూడండి, మిలట్రీలోనే ఉన్నాడు.”

ఆవిడ విసుక్కోలేదు. పాపం, కుర్చీ లాగి కూర్చోమంది, అతను కూర్చోలేదు. “మీ తమ్ముణ్ణి కొలవకూడదు,” అంది మెల్లగా. “సైనికుల కొలత రహస్యం. మీరు తీసుకొచ్చి కొలిపించారని తెలిస్తే అతని ఉద్యోగానికే ముప్పు. ఒక పని చేస్తాను. మిమ్మల్నే మళ్లీ కొలవమని అడుగుతాను.”

అడిగింది. పొడుగాయన వెంటనే ఒప్పుకున్నాడు. తప్పుంటే దిద్దాల్సిందేనన్నాడు, అవసరమైతే కోసిన పలకలు పక్కన పడేస్తానన్నాడు. ఆ కబురు విన్న రోజున మేస్త్రి ఇంటికి దాదాపు పరిగెత్తాడు.

అక్కణ్ణించి ఇంట్లో రోజూ ఇదే సాధన. పనినుంచి రాగానే బల్ల మీద కూర్చోవడం, భార్య వీపు మీద అరచెయ్యి ఆనించి “ఇంకా, ఇంకా” అనడం. భుజాలు వెనక్కి, గడ్డం పైకి. మొదట్లో ఆవిడ మొహం చూస్తూ నిటారుగా ఉండటానికే సిగ్గేసేది. తర్వాత వచ్చేసింది. తల వెళ్లి పై గీతకి ఆనేది, ఆవిడ “ఆఁ, అంతే” అనేది.

“అక్కడ కూడా నన్నే తలుచుకోండి,” అని పంపించింది. ఈసారి మర్యాద మాట ఎత్తలేదు.

అయితే ఈసారి గదిలో ఇంకా పెద్దవాళ్లు ఉన్నారు. కొలత మారితే ఒప్పందం మారుతుంది కాబట్టి కంపెనీ డైరెక్టరు వచ్చాడు. సైన్యం తరఫున ఒక అధికారి వచ్చాడు, రొమ్మంతా పతకాలు. అందరూ నిలబడి ఉన్నారు. అదే కుర్చీ, అదే కమ్మి. “మామూలుగా కూర్చోండి,” అంది ఆఫీసరమ్మ, ధైర్యం చెబుతున్నట్టు.

అతను కళ్లు మూసుకుని భార్యని తలుచుకున్నాడు. వీపు మీద ఆవిడ చెయ్యి ఉందనుకున్నాడు. భుజాలు వెనక్కి తీశాడు, గడ్డం ఎత్తాడు, తమ్ముడు కూర్చున్నట్టు కూర్చున్నాడు. అలా కూర్చున్నాననే అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. అడ్డపట్టీ దిగింది. అతననుకున్నచోట ఆగలేదు, ఇంకా దిగింది, ఇంకా దిగి నెత్తికి చల్లగా తగిలింది. కళ్లు తెరిచి చూసుకుంటే చేతులు మోకాళ్ల మధ్య ఉన్నాయి. ఎప్పుడు వెళ్లాయో అతనికి తెలియదు.

పొడుగాయన కొలత చదివాడు. వెంట్రుకవాసి తేడా లేదు. డైరెక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. ఆఫీసరమ్మ మొహంలో కూడా నిజమైన సంతోషం. “చూశారా, అంతా సరిగ్గానే ఉంది. అనవసరంగా బెంగపెట్టుకున్నారు,” అంది.

“వంగానమ్మా,” అన్నాడతను. “ఇప్పుడూ వంగాను. ఇంకొక్కసారి చూడండి.” అంటూ కుర్చీలోంచే బలవంతాన వెన్ను నిలబెట్టాడు. మెడ నరాలు పొంగాయి. అధికారి అతని వంక వింతగా చూశాడు.

పొడుగాయన ఓపికగా ఏదో చెప్పాడు. ఆఫీసరమ్మ అతని దగ్గరికి వంగి ఆ మాటే చెప్పింది. “పట్టుబట్టి సాగదీసిన కొలత లెక్కలోకి రాదట. మనిషి తనంతట తాను ఎలా కూర్చుంటాడో అదే తీసుకోవాలట. రెండుసార్లూ ఒకటే వచ్చింది కదా, ఇంక సందేహం లేదంటున్నారు.”

దానికి ఏం జవాబు చెప్పాలి? మీరంతా బయటికి వెళ్లండి, మా ఆవిణ్ణి పిలవండి, అప్పుడు కొలవండి అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతమంది పెద్దవాళ్లని బయటికి పొమ్మనగలిగిన మనిషైతే మొదటిరోజే తిన్నగా కూర్చునేవాడు. లేచి దణ్ణం పెట్టి వచ్చేశాడు. కొలతలు ఖరారయ్యాయని, సైన్యం ఒప్పుకుందని ఆ వారంలోనే చెప్పారు. ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ కసురుకోలేదు, అడిగినదానికల్లా ఒప్పుకున్నారు. తలుచుకుంటే అదే ఎక్కువ ఏడుపొస్తుంది.

బళ్లు వెళ్లిపోయాయి. వెళ్లేముందు తన చేత్తో కుట్టిన సీట్లన్నిటినీ ఒక్కోటీ తడిమి చూశాడతను. కుట్టు ఎక్కడా వదల్లేదు, పట్టీ ఎక్కడా మెలిక పడలేదు. పనిలో వంక పెట్టడానికి లేదు.

సరిహద్దు వైపు బయల్దేరే ముందు తమ్ముడు ఒక పూట ఉండి వెళదామని ఇంటికొచ్చాడు. అన్నం తిన్నాక అన్న బల్లను గోడ వారకి లాగాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది, లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు.

“ఇలా వచ్చి కూర్చో,” అన్నాడు అన్న.

తమ్ముడు కూర్చున్నాడు. తల వెళ్లి పై గీతకి ఆనింది. “ఏంటన్నయ్యా ఈ గీతలు?”

అతను అంతా చెప్పాడు. జన్మలో అంత మాట్లాడలేదు. తమ్ముడు అంతా విన్నాడు. “పై వాళ్లకి మేం చెబితే వింటారా? మాకిచ్చిన బూట్లు సరిపోకపోతే కాళ్లే సర్దుకుంటాయి,” అన్నాడు. కోపం లేదు వాడి గొంతులో. అన్న మీద జాలి ఉంది, అదే అతను భరించలేకపోయాడు.

“నువ్వు సర్దుకో మరి. బండెక్కినంతసేపూ నాలాగా కూర్చో. నేర్పిస్తాను. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకో. ఆఁ. భుజాలు లోపలికి. ఇంకా. గడ్డం దించు.”

వాడు అన్న చెప్పినట్టల్లా చేశాడు, చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దినట్టు. చేతులు పెట్టాడు, భుజాలు ముడిచాడు, తల దించాడు. అన్న వెనక్కి జరిగి గోడవైపు చూశాడు. తల కింది గీత దాకా వచ్చింది. అంతలోనే ఎవరో పిలిచినట్టు వెన్ను మెల్లగా తనంతట తానే లేచి, తల మళ్లీ పై గీతకి చేరింది.

“ఉండటం లేదన్నయ్యా,” అన్నాడు తమ్ముడు. “నేను కావాలని చెయ్యడం లేదు.”

“తెలుసురా,” అన్నాడు అన్న. “నాకు తెలుసు.”

మళ్లీ చూశారు, మళ్లీ అంతే. మూడోసారి అతను తమ్ముడి నెత్తి మీద తన చెయ్యి పెట్టి మెత్తగా కిందికి నొక్కాడు. జుట్టు కురచగా, గరుగ్గా ఉంది. చెయ్యి ఉన్నంతసేపూ తల కింది గీత దగ్గరే ఉంది, తీస్తే లేస్తోంది. అందుకని అతను తియ్యలేదు. వదిన వంటింట్లోంచి రైలు టైమవుతోందని చెప్పింది, మళ్లీ చెప్పింది. తమ్ముడు అలాగే కూర్చున్నాడు, అన్న అలాగే నిలబడ్డాడు, చెయ్యి వాడి తల మీదే ఉంచి.